తోట కేకకి జవాబు

ఏడ్చానని నీకెవరు చెప్పారు, క్రీస్తుదాసూ?

వీరయ్య చెప్పాడా? ఆ పెద్ద బాకా వెనకాల ఆయన మొహమే మనకి కనపడదు, ఆయనకి నేనెలా కనపడ్డాను! డ్రమ్ముల వాళ్ళు చెప్పారా? పోనీ, పెళ్ళివారా? చూశావా, ఊరేగింపులో ఉన్నవాళ్ళందరికీ తెలిసింది, అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరికీ తెలిసింది. గుమ్మంలో నిలబడ్డ నాకొక్కదానికే తెలియలేదు.

ముందు కూర్చో. ఆ ఎర్రకోటు విప్పి దండెం మీద వెయ్యి. ఈ ఎండలో కోటు తొడుక్కుని, చంకలో క్లారినెట్ పెట్టుకుని వచ్చావంటే, వట్టినే పలకరించడానికి రాలేదని తెలుస్తూనే ఉంది. సాయంత్రం ఊరేగింపు ఇంకా మిగిలే ఉందిగా, ఆ సంగతేదో మాట్లాడటానికి వచ్చావు. చెబుదువుగాని. మజ్జిగ తెస్తానుండు.

ఇదిగో. రసాలు కూడా ఉన్నాయిగాని నీకివ్వను. సాయంత్రం వాయించాల్సిన మనిషివి. జీడి తగిలి పెదవి పొక్కితే క్లారినెట్ పీక సరిగ్గా పలకదని మీ మాస్టారు సీజనంతా పండు ముట్టేవాడు కాదు. నూజివీడులో ఉంటూ వేసవంతా రసం నోట పెట్టని మనిషి ఆయనొక్కడే అయ్యుంటాడు. పెళ్ళిళ్ళన్నీ అయిపోయి, వానలు మొదలయ్యాక, అప్పుడు వెతుక్కునేవాడు. అప్పటికి ఏం మిగులుతాయి? మచ్చలు పడ్డవీ, మెత్తబడ్డవీ. వాటినే ఎంతో ఇష్టంగా, మోచేతుల దాకా కార్చుకుంటూ తినేవాడు.

మెల్లిగా మాట్లాడు. సీతమ్మ వదిన లోపల నడుం వాల్చింది. తమ్ముడు, అదే మీ మాస్టారు, పోయిన దగ్గర్నుంచీ ఆవిడ నా దగ్గరే ఉంటోంది కదా. పొద్దుటి నుంచీ సంతోషంతో అలిసిపోయింది పాపం.

నవ్వకు, నిజమే చెబుతున్నాను. "ఏడ్చింది! మా సరోజ ఏడ్చింది!" అని ఎదురింటికి వెళ్ళి చెప్పింది, పక్కింటికి వెళ్ళి చెప్పింది. నేనేదో పరీక్ష పాసైనట్టుంది. ఇవాళ వచ్చినవాళ్ళెవరూ నన్ను ఓదార్చడం లేదు, మెచ్చుకుంటున్నారు. "ఇక ఫర్వాలేదు టీచరమ్మా, గుండెలో బరువు దిగిపోయింది," అంటుంది పక్కింటి పున్నమ్మగారు. "ఏ బరువండీ? నేనేమీ మొయ్యడం లేదే," అన్నాను. "అదే, అదే," అంటూ తల నిమిరింది. ఏం అదే? నాకు అర్థం కాలేదు.

మాఘమాసంలో కదా ఆయన పోయింది. అప్పటి నుంచీ ఈ ఇంటికి వచ్చి నా కళ్ళలోకి చూడని మనిషి లేరు. వదిన అయితే చెయ్యని ప్రయత్నం లేదు. ఆయన కోటు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మాసి ఉందని ఉతికి, ఆరేసి, మడతపెట్టి, కలరా ఉండలు వేసి పెట్టెలో పెట్టాను. ఇంకోరోజు ఆయనకి ఇష్టమని గుత్తివంకాయ వండి, నా కంచంలో వేసి, నా మొహంలోకి చూస్తూ ఎదురుగా కూర్చుంది. తిన్నాను. బాగా కుదిరింది, అదే చెప్పాను. "నీది గుండెనా, సన్నికల్లా?" అని ఆవిడే ఏడ్చింది.

నేనేమీ పంతం పట్టి కూర్చోలేదు, క్రీస్తుదాసూ. రాలేదు, అంతే. తుమ్ము రాకపోతే మనిషేం చేస్తాడు? దినాలు వెళ్ళిన మర్నాడు బడికి వెళ్ళాను. పిల్లల చేత ఎక్కాలు చెప్పించాను. ఒకటో తరగతి వాడు పలక పగలగొట్టుకుని ఏడుస్తుంటే సముదాయించాను కూడా. కొత్తగా సున్నం వేసిన గోడ ఉంటుంది చూడు, లోపల అలా ఉంది. తెల్లగా, ఏ గుర్తూ లేకుండా.

సరే, నువ్వు వచ్చిన పని చెప్పు.

ఆఁ.

ఆ మాట వీరభద్రరావుగారే అన్నారా, లేకపోతే ఆయన పేరు చెప్పి ఇంకెవరైనా అన్నారా?

ఏమనీ? "మావాణ్ణి పెళ్ళికి తీసుకెళుతుంటే ఆడమనిషి శోకం ఎదురొచ్చింది," అనా? అనరూ మరి! ఒక్కగానొక్క కొడుకు. ఆయన స్థానంలో నేనున్నా అలాగే అందునేమో. నాకేమీ కోపం లేదు. కోపం కూడా రావడం లేదు, అదొక సుఖం.

అయితే సాయంత్రం పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ కారులో ఊరేగించేటప్పుడు పాటల మధ్యలో వేసే మీ మాస్టారి ముక్క వాయించకూడదు. ఏ పాటలోనూ వాయించకూడదు. చనిపోయినవాడు కట్టిన ముక్క అది, దాన్ని విని ఆయన పెళ్ళాం గొల్లుమంది, కాబట్టి అది లేకుండా పాటలు కానివ్వండి. అంతేనా?

అంతే కాదా? ఇంకేంటి?

ఓహో. నువ్వొక ఉపాయం చేశావు. ముక్క తీసెయ్యకుండా దానికొక ముగింపు కట్టావు. మధ్యలో వేలాడుతోంది కాబట్టి శోకంలా వినపడుతోంది, తెచ్చి షడ్జంలో కలిపేస్తే మంగళంగానే ఉంటుందని పెళ్ళివారిని ఒప్పించావు. ఇప్పుడు నన్ను ఒప్పించడానికి వచ్చావు. మంచిదేగా. చెప్పకుండా వాయించేస్తే మాత్రం నేనేం చెయ్యగలను? అడగడానికి వచ్చావు చూడు, అది ఆయన నేర్పిన మర్యాద.

ఏదీ, వాయించు. తలుపు దగ్గరగా వేస్తాను. గట్టిగా ఊదకు, వదిన లేస్తుంది.

ఊఁ.

ఇంకోసారి. ఆ చివరిది మాత్రం.

బాగుంది.

మొహమాటానికి చెప్పడం లేదు, బాగానే ఉంది. ఎంతో దూరం నడిచొచ్చిన మనిషి మెట్టు దిగి, కాళ్ళు కడుక్కుని, లోపలికి వచ్చి కూర్చున్నట్టుంది. కింద వీరయ్య బాకా పట్టుకుంటే ఇంకా నిండుగా ఉంటుంది. పెళ్ళివారికి నచ్చుతుంది.

కాని అది జవాబు కాదు.

ఏంటలా చూస్తావు? ఇన్నేళ్ళు ఆయన పక్కన నిలబడి ఆ ముక్క వాయించావు, అదేంటో ఆయన నీకెప్పుడూ చెప్పలేదా? చెప్పి ఉండడులే. ఎవరడిగినా నవ్వేవాడు. "పశువుకి ముద్ర ఉండదుట్రా, మన మేళానికి అది ముద్ర," అనేవాడు. అంతకుమించి అడిగితే దాటవేసేవాడు.

అది మా నాన్న కేక.

మా నాన్న చిన్నయ్య, మైలవరం రోడ్డులో పెద్ద తోటకి కావలి ఉండేవాడు. నువ్వు చూడలేదు ఆయన్ని, నువ్వు మేళంలో చేరేసరికే పోయాడు. నేను పెరిగిందంతా ఆ తోటలోనే. కాయ ముదిరే రోజుల్లో రామచిలకలు దిగుతాయి కదా, మందలు మందలుగా. అవి తినేది కొంచెం, కొరికి పారేసేది బోలెడు. తోటకి ఆ చివర నాన్న, ఈ చివర మంచె మీద నేను. నా చేతిలో ఒక కిరసనాయిలు డబ్బా, ఒక కర్ర. నాన్న అక్కడ మందని లేపాడంటే అవి తిన్నగా నా వైపుకే వస్తాయి. అందుకని లేపేముందు నాకు కేక వేసేవాడు. మాటలు కావు, వట్టి కూత. ఆ గుబురు చెట్ల మధ్య మాట ఎంతోదూరం పోదు, కూత ఒక్కటే సాగుతుంది. కిందనుంచి ఎత్తుకుని, పైకి వెళ్ళి, ఇంకొంచెం పైకి వెళ్ళి, అక్కడ వదిలేసేవాడు. దించేవాడు కాదు. దించడం నా పని.

అంటే, నేను జవాబు కూత వెయ్యాలి. విన్నాను, ఇక్కడే ఉన్నాను అని. ఆ తరవాతే డబ్బా కొట్టడం. జవాబు రాకపోతే నాన్న ఇంకొకసారి కేక వేసేవాడు. అప్పటికీ పలకలేదంటే చిలకల్ని వాటి మానాన వదిలేసి పరిగెత్తుకు రావాలి. పామో, పడిపోవడమో, ఏదో జరిగిందన్నమాట. కావలి వాళ్ళందరికీ అదే కట్టడి. కాయ పోతే పోయింది, ముందు మనిషి.

ఒకసారి మంచె మీద నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి నాన్న కింద నిలబడి ఉన్నాడు. చేతిలో కొడవలి, పిక్కల నిండా ముళ్ళ గీతలు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చెట్టు మొదట్లో కూలబడి చాలాసేపు రొప్పాడు. "నిద్రొస్తే చెప్పి పడుకోవే," అన్నాడు. అంతే.

ఇంకొక సంగతి, ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. కేక అందరిదీ ఒకటే. ఆ రోడ్డు పొడుగునా ఏ తోటలోనైనా అదే కేక. జవాబు మాత్రం ఎవరిది వాళ్ళదే. దించే తీరును బట్టి, పలికిన మనిషి ఎవరో చెప్పెయ్యొచ్చు. నా జవాబు ఆ తోటలో ఇంకెవ్వరికీ లేదు.

మీ మాస్టారు ఎలా తగిలాడంటావా? అది కూడా ఈ కేక వల్లే. నేను బెజవాడలో టీచరు ట్రైనింగు చదువుతూ వేసవి సెలవులకి వచ్చి, ఎప్పటిలాగే మంచెక్కాను. మైలవరంలో పెళ్ళి వాయించి ఒక మేళం నడిచి వస్తూ, ఎండకి మా తోటలో ఆగింది. నాన్న కేక వేశాడు. నేను నోరు తెరిచేలోపల, చెట్ల వెనకనుంచి క్లారినెట్ జవాబు చెప్పింది! అచ్చు ఆ కేకనే తిప్పి పలికించి, తనకి తోచినట్టు దించేశాడు. మేళంలో వాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, దాచడమెందుకు.

నాన్నకి రాలేదు. కర్ర పట్టుకుని వచ్చాడు. "ఎవడ్రా నా కూతురి బదులు పలికింది? అది అక్కడ పడిపోయి ఉన్నా, బాగానే ఉందనుకుని నేను నిమ్మళంగా ఉండేవాణ్ణి కదరా!" అన్నాడు.

ఈయన లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. తను చేసింది తమాషా కాదని అప్పటికి తెలిసింది. క్లారినెట్ నేలమీద పెట్టేసి నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

వెళ్ళాడా? వెళ్ళాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు. "ఆ కేక ఇంకొక్కసారి వెయ్యండి పెద్దాయనా, చెవిలోంచి పోవడం లేదు. అది షడ్జంలో కలవకుండా నిషాదం దగ్గరే నిలబడిపోతోంది. నాకు నిద్ర పట్టడం లేదు," అన్నాడు. నాన్న ఏమన్నాడో తెలుసా? "నిషాదం సంగతి నాకు తెలీదుగాని, పెళ్ళి కాకపోతే చాలామందికి నిద్ర పట్టదు బాబూ," అన్నాడు. నాకేసి చూడలేదు. ఆకాశంలోకి, చిలకలొస్తున్నాయేమో అన్నట్టు చూస్తూ అన్నాడు.

అదీ సంగతి. ఆ తరవాతే ఆ కేక పాటల్లోకి వచ్చింది. పల్లవి అయ్యాక, చరణం ఎత్తుకునే ముందు, ఆ సందులో. సినిమా పాట కానీ, భజన కీర్తన కానీ, దొరలు వదిలివెళ్ళిన కవాతు పాట కానీ, ఏదైనా సరే. మైలవరం సన్నాయి విద్వాంసుడు ఒకాయన నడివీధిలో నిలేసి అడిగాడట: "ఒరే నరసింహులూ, నిషాదమే లేని రాగంలోకి కూడా నిషాదం పట్టుకుని దూరిపోతావేంట్రా, అదేమన్నా నీ అత్తారిల్లా?" అని. "అవునండీ, అత్తారిల్లే," అన్నాడట ఈయన. ఆయనకేం అర్థమవుతుంది!

వీరయ్యకైతే ఆ ముక్కంటే ఒళ్ళు మంట. "నువ్వు పైన వేలాడదీసి చక్కా పోతావు, నేను కింద బాకా పట్టుకుని ఎంతసేపు మొయ్యను, నేనేమన్నా నీ పల్లకీ బోయీనా?" అని ఈ అరుగు మీదే పోట్లాడేవాడు. ఈయనేమో, "పైన ముక్క మారదు వీరయ్యా, కింద నువ్వు మారు," అనేవాడు. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్క స్వరమే పెట్టి చూసుకునేవారు. నేను కాపీ బుక్కులు దిద్దుకుంటూ వినేదాన్ని.

నాకు స్వరాలు తెలియవు, ఆయన పేర్లు చెబితే విన్నాను, అంతే. కింద వీరయ్య పంచమం పట్టుకుంటే ఆ కేక పిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఆటకి పిలుచుకున్నట్టుండేది. గాంధారం పట్టుకుంటే, దీపాలు పెట్టే వేళప్పుడు ఎవరో పొలం గట్టు మీద నిలబడి పిలుస్తున్నట్టు, కాస్త దిగులుగా ఉండేది. ఇక షడ్జమే పట్టుకున్నాడా, రెండూ ఒరుసుకునేవి. గుమ్మంలోకి వచ్చిన మనిషి లోపలికి రాకుండా, వెనక్కి పోకుండా నిలబడిపోయినట్టుండేది. అవే స్వరాలు! పైన పిట్ట కదలదు, కింద కొమ్మ మారుతుంది. అలా ఎన్ని పాటలకి ఎన్ని రకాలుగా కట్టారో నాకంటే నీకే బాగా తెలుసు. వీధి చివర ఆ ముక్క వినపడితే చాలు, మనుషుల్ని చూడకుండానే "నరసింహులు మేళం వస్తోంది" అనేవారు.

ముక్క అయ్యాక ఒక్క ఊపిరి ఆగేవాడు కదా, ఎందుకనుకున్నావు?

ఊపిరి తీసుకోవడానికనా? మీరందరూ అలాగే అనుకున్నారు. అది నా జవాబు కోసం వదిలిన చోటు.

ఊళ్ళో ఎక్కడ వాయిస్తున్నా నాకు వినపడేది. గొంతు పైకి రాకుండా, లోలోపల పలికేదాన్ని. పొయ్యి దగ్గరో, బావి దగ్గరో. ఒకసారి బడిలో, వాచకం చదువుతూ చదువుతూ మధ్యలో పైకి అనేస్తే పిల్లలందరూ నవ్వారు. ఇంటికి రాగానే కోటయినా విప్పకుండా అడిగేవాడు: "ఇవాళ ఎక్కడున్నావు?" "పొయ్యి దగ్గర." "కారు గుడి మలుపు తిరిగేటప్పుడు?" "బియ్యం ఏరుతున్నాను." "భజన కీర్తనకి పలకలేదు నువ్వు." "మీకెలా తెలుసు?" "తెలుస్తుంది." ఏం తెలుస్తుంది, ఆ డ్రమ్ముల మోతలో! వట్టి కోతలు. కాని నిజంగానే కోపమొచ్చి పలకని రోజులు కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్లో మాత్రం ఏమీ అడక్కుండా అన్నం తిని పడుకునేవాడు. ఎలా తెలిసేదో.

జి. కొండూరో, ఇంకా అవతలకో వెళితే నాకు వినపడదు కదా. "అక్కడ నీ జవాబు నేనే మనసులో అనుకుంటాను," అనేవాడు. "పైకి వాయించొచ్చుగా?" అన్నానొకసారి. "అమ్మో! మీ నాన్న కర్ర పట్టుకుని వస్తాడు," అన్నాడు. అప్పటికి నాన్న లేడు.

పోయిన వేసవి నువ్వు ఆయన పక్కనే ఉన్నావు. నీకు నేను చెప్పాలా? డాక్టరు ఊదొద్దన్నాక కూడా ఊదాడు. చివరి స్వరం అందేది కాదు ఆయనకి. ఆయన విడిచిన చోట నువ్వు పట్టుకునేవాడివి, ఎవరికీ అతుకు తెలియకుండా. నాకు తెలిసింది. నీ ఊదుడు వేరు, కొంచెం పదును ఎక్కువ. మొదటిసారి అలా జరిగిన రోజున ఇంటికి వచ్చి కోటు విప్పి దండెం మీద వేసి, ఏమీ అడగలేదు. నేనే చెప్పాను, "పెరట్లో ఉన్నానండీ," అని. తల ఊపాడు.

పెద్దాసుపత్రిలో ఆఖరి రోజుల్లో మాట కూడా పోయింది. ఊపిరితిత్తుల నిండా నీరు. చెయ్యి ఒక్కటే దుప్పటి మీద కదిలేది. పక్క మంచం వాళ్ళు నొప్పికి అలా చేస్తున్నాడనుకున్నారు. నేను చూశాను కదా ఇన్నేళ్ళు ఆ వేళ్ళని. కేక వాయిస్తున్నాడు. వంగి, చెవి దగ్గర పలికాను. వేళ్ళు ఆగాయి.

నేను పలికాను కాబట్టి ఆగాయో, ఆగే వేళకే నేను పలికానో, నాకు తెలియదు. అప్పుడే నర్సు వచ్చింది. నేను దుప్పటి సరిచేశాను.

ఆ తరవాత ఇంకేం లేదు, క్రీస్తుదాసూ. పిలిచే మనిషి లేకపోతే జవాబు చెప్పేవాళ్ళకి పనేముంటుంది? వదిన దాన్ని రాయి అంటుంది. పున్నమ్మగారు బరువు అంటుంది. నాకేమో, బడి సెలవుల్లో మొదటి రోజు పొద్దున్నే లేచి, తయారై, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తొస్తుంది చూడు, అలా ఉంది. రోజూ అలాగే ఉంది.

ఇవాళ మేళం ఆపినందుకు నేను తప్పు పట్టడం లేదు. అది ఆయన నేర్పిందే. చావు జరిగిన ఇంటి ముందు ఏడాది తిరిగేదాకా మేళం మోగకూడదు. మేడైనా, గుడిసైనా సరే, క్లారినెట్ పైకెత్తేవాడు, మీరందరూ ఆపేసేవారు. ఇల్లు దాటాక మళ్ళీ ఎత్తుకునేవారు. నెహ్రూగారు పోయారని రేడియోలో చెప్పిన రోజున, "ఇవాళ ఏ ఇంటి ముందు ఆపాలి మాస్టారూ?" అని నువ్వే అడిగావట. "పదరా, ఇళ్ళకి పోదాం," అన్నాడట. ఇంటికొచ్చి చెప్పాడు.

పొద్దున మీరు చింతచెట్టు దగ్గరికి వచ్చినప్పుడే వినపడింది. వద్దు, లోపలికి రా అని వదిన చెయ్యి పట్టుకు లాగింది. విడిపించుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎందుకో నాకే తెలియదు. పల్లవి అయింది. ముక్క ఎత్తుకున్నావు. కింద వీరయ్య షడ్జం పట్టాడు. అది పలుకుతుండగానే మా గడప ముందుకి వచ్చారు. నువ్వు క్లారినెట్ పైకెత్తావు. అందరూ ఆపేశారు. పెళ్ళివాళ్ళ చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కేక మాత్రం పైన అలాగే ఉండిపోయింది.

నేనేమీ అనుకోలేదు. వాయించింది నువ్వని తెలుసు, ఆయన కాదని తెలుసు. నోరు దానంతటదే తెరుచుకుంది. మంచె మీదనుంచి పలికినట్టు, తోట ఆ చివరికి వినపడేట్టు గొంతు విప్పి పలికాను. పెళ్ళయ్యాక అంత గట్టిగా పలకడం అదే మొదలు. ఇన్నాళ్ళూ లోలోపలే కదా.

వీధిలో వాళ్ళకి అది శోకంలా వినపడింది. వాళ్ళని అనుకోవడానికేముంది? మొగుడు పోయిన మనిషి గుమ్మంలో నిలబడి గొంతెత్తితే ఇంకేమనుకుంటారు? ఒక్క కన్నీటి చుక్క లేదు నా కంట్లో. దగ్గరికొచ్చి చూసినవాళ్ళు లేరుగా.

నిజం చెప్పనా? పలికాక అక్కడే నిలబడి ఉన్నాను. తోటలో అయితే, నా జవాబు విన్నాక నాన్న అటునుంచి చిన్నగా "ఊ" కొట్టేవాడు, అందిందని. దానికోసం ఆగాను. ఎవరు కొడతారనుకున్నానో! కారు హారను మోగింది. నాలుగిళ్ళ అవతల మీ డ్రమ్ము మళ్ళీ మొదలైంది. వదిన వచ్చి వాటేసుకుని, "ఏడువమ్మా, ఏడువు," అంది.

సరే, సాయంత్రం సంగతి.

నీ ముగింపు నువ్వు వాయించుకో. ఏ ఊళ్ళోనైనా వాయించుకో. నీది కాదని ఎవరంటారు? చెప్పానుగా, కేక అందరిదీ, జవాబు ఎవరిది వాళ్ళది. అది నీ జవాబు. బాగుంది కూడా.

నాదా? నాది అడక్కు. చెప్పను.

కోపం కాదయ్యా. నేను చెబితే నువ్వు నేర్చుకుంటావు. నేర్చుకుని, నా బదులు పలుకుతావు. అప్పుడు నేను లోపల పడిపోయి ఉన్నా, బాగానే ఉన్నాననుకుని అందరూ నిమ్మళంగా ఉంటారు.

మా ఇంటి ముందు మాత్రం నాకోసం ఒక పని చెయ్యి. ఆచారం ప్రకారం ఆపు. ఆపేముందు ముక్క వాయించు. నీ ముగింపు కలపకు. పైన వదిలేసి, క్లారినెట్ ఎత్తెయ్యి. వీరభద్రరావుగారితో నా మాటగా చెప్పు, ఆవిడ గుమ్మంలోకి రాదు, పెళ్ళి కారుకి ఎదురు రాదు, గొంతు బయటికి వినపడదు అని. నేను పొయ్యి దగ్గర ఉంటాను. ఎప్పుడూ ఉన్నది అక్కడేగా. వీరయ్యని పంచమం పట్టుకోమను. పెళ్ళి కదా, షడ్జం వద్దు.

అదేంటి, నువ్వేడుస్తావేంటి క్రీస్తుదాసూ! ఊరుకో. ఇదిగో తువ్వాలు. ముక్కు బిగిస్తే సాయంత్రం ఊదలేవు. ఎంత సులువుగా వస్తుందో కొంతమందికి.

లే, బయల్దేరు. ఎండ వాలుతోంది. ఆ గ్లాసు అక్కడే ఉంచు, నేను తీస్తాను. కోటు మర్చిపోతున్నావు.

ఆఁ, లేచావా వదినా? క్రీస్తుదాసు. ఏం లేదు, సాయంత్రం మేళం మళ్ళీ ఇటే వస్తుందని చెప్పడానికొచ్చాడు.

ఆఁ, ఆగుతారట.

ఆఁ... అలాగేలే, వదినా. ఏడుస్తాలే.